విలేకరి కావాలంటే ముందు చేతిలో ఒక సీటు

రాజోలి: తుంగభద్ర ఒడ్డున ఉన్న ఈ ఊళ్లో ఎండాకాలం వచ్చిందంటే రెండు లెక్కలు మొదలవుతాయి. నదిలో నీళ్లు ఎన్నాళ్లు నిలుస్తాయన్నది ఒకటి. ఇంటర్ పాసైన పిల్లలను ఎక్కడ చదివించాలన్నది రెండోది. మొదటి లెక్కను సుంకేసుల బ్యారేజీ వైపు ఒకసారి చూసి తేల్చుకోవచ్చు. రెండో లెక్క అంత సులువుగా తేలదు. అందులోనూ పిల్లో పిల్లవాడో "నేను పత్రికలో పని చేస్తాను, జర్నలిజం చదువుతాను" అంటే ఇంటిల్లిపాదికీ ఏమీ తోచదు. ఇంజనీరింగు సంగతి తెలుసు, నర్సింగు సంగతి తెలుసు, టీచరు ట్రైనింగు సంగతి తెలుసు. పత్రికా రచన ఎక్కడ నేర్పుతారో, ఎంత ఖర్చవుతుందో, సీటు రాకపోతే గతేమిటో చెప్పేవారు దొరకరు.

ఉదాహరణకు ఒక ఇల్లు అనుకుందాం. తండ్రి గద్వాల చీరలు నేస్తాడు. తల్లి కండెలు చుడుతుంది. కూతురు ఇంటర్ ఆర్ట్స్ గ్రూపుతో పాసయింది.

"నాయనా, హైదరాబాదుకు పోయి జర్నలిజం చదువుతా" అంటుంది కూతురు.

"హైదరాబాదంటే మాటలా బిడ్డా! ఆ సీటు రాకపోతే ఏం చేస్తావు? వచ్చినా అక్కడి ఖర్చు ఎవరు పెడతారు?" అంటాడు తండ్రి.

తండ్రి పిరికివాడై ఈ మాట అనలేదు. సరైన ప్రశ్నే వేశాడు. దానికి జవాబు దొరకకే ఏటా కొందరు పిల్లలు ఒక్క కాలేజీనే నమ్ముకుని, అది దక్కక ఏడాది పోగొట్టుకుంటారు. మరికొందరు కంగారులో ఏదో ప్రైవేటు సంస్థలో అప్పు చేసి చేరుతారు. ఇంకొందరు అసలు ఆశే వదులుకుంటారు. ఈ మూడూ నష్టాలే. మూడింటినీ తప్పించుకునే ఉపాయం ఒకటున్నది. పెద్ద కాలేజీకి ప్రయత్నిస్తూనే, తప్పకుండా దొరికేదీ ఇంటివాళ్లు భరించగలిగేదీ అయిన సీటు ఒకటి ముందే చూసి పెట్టుకోవడం. దాన్ని ఖాయం సీటు అందాం.

మూడు మెట్లు

కాలేజీలను మూడు వరుసలుగా రాసుకోవాలి. మొదటిది ఆశ సీటు. పేరున్న కాలేజీ, పోటీ ఎక్కువ. వస్తే అదృష్టం, రాకపోతే బాధపడనక్కర లేదు. రెండోది అందే సీటు. మార్కులు చూస్తే రావచ్చు, రాకనూ పోవచ్చు. మూడోది ఖాయం సీటు. దీనికి మూడు లక్షణాలుండాలి. పిల్ల మార్కులకు ఆ సీటు తప్పకుండా రావాలి. అప్పు చేయకుండా మూడేళ్లూ గడవాలి. పిల్ల అక్కడ మనస్ఫూర్తిగా చదవగలగాలి.

ఈ మూడో లక్షణాన్ని చాలామంది మరచిపోతారు. "వేరే దిక్కు లేక చేరాను" అనుకుంటూ తరగతికి పోయే పిల్లకు ఆ మూడేళ్లూ వ్యర్థమే. ఖాయం సీటును కూడా ఆశ సీటును ఎంచినంత శ్రద్ధగానే ఎంచాలి. కాలేజీకి స్వయంగా పోయి చూడాలి. లైబ్రరీ ఉందా, పత్రికలు వస్తున్నాయా, అధ్యాపకులు నిజంగా ఉన్నారా, ఖాళీలున్నాయా అని అక్కడ చదివే పిల్లలనే అడగాలి.

డిగ్రీలోనే జర్నలిజం ఉండాలా?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. డాక్టరు కావాలంటే వైద్య కళాశాలలో చదివి తీరాలి. పత్రికా రచనకు అటువంటి నియమం లేదు. డిగ్రీలో జర్నలిజం ఒక సబ్జెక్టుగా దొరికితే మంచిదే. దొరకకపోతే దారి మూసుకుపోదు. విశ్వవిద్యాలయాల్లోని జర్నలిజం పి.జి. కోర్సులకు బి.ఏ. వారూ, బి.కాం. వారూ, బి.ఎస్సీ. వారూ దరఖాస్తు చేయవచ్చు. కనుక మొదటి మూడేళ్లు దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం, తెలుగు వంటివి గట్టిగా చదివి, తర్వాత రెండేళ్లు జర్నలిజం చదవడం దండిగా ఖర్చు తగ్గించే పద్ధతి.

ఇందుకు సాక్ష్యం మన జిల్లాలోనే ఉంది. గోలకొండ పత్రిక పెట్టిన సురవరం ప్రతాపరెడ్డి స్వగ్రామం ఇటిక్యాలపాడు. ఆయన 1896లో పుట్టారు. చదువుల కోసం కర్నూలు, హైదరాబాదు, మద్రాసు తిరిగి బి.ఏ., బి.ఎల్. పట్టాలు పొందారు. అంటే ఆయన చదివింది న్యాయశాస్త్రం. ఆ చదువుతోనే 1926లో పత్రిక ప్రారంభించి, నిజాం పాలనలోని తెలంగాణలో తెలుగువారికి గొంతు ఇచ్చారు. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న ఒక విమర్శకు జవాబుగా 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు. ఆయన మరణానంతరం 1955లో ఆయన రాసిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. తెలుగుకు దక్కిన మొదటి అకాడమీ అవార్డు అదే.

దూరదేశపు ముచ్చట కూడా ఒకటి చెప్పుకోవాలి. అమెరికాలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1908లో జర్నలిజం స్కూలు పెట్టారు. ప్రపంచంలో మొదటి జర్నలిజం స్కూలుగా దానికి పేరు. దాన్ని స్థాపించిన వాల్టర్ విలియమ్స్ ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. అచ్చాపీసులో పని నేర్చి, సంపాదకుడై, తర్వాత అదే విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడయ్యారు. కాలేజీ అక్కర లేదని దీని అర్థం చేసుకోకూడదు. కాలేజీ పేరు కంటే చదివిన చదువు, రాసిన రాత ముఖ్యమని తెలుసుకుంటే చాలు.

దోస్త్‌లో సీటు జారిపోయేదెలా?

తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో జరుగుతున్నాయి. ఒకే దరఖాస్తుతో రాష్ట్రంలోని చాలా కాలేజీలకు ఆప్షన్లు పెట్టవచ్చు. కొన్ని కాలేజీలు మాత్రం దోస్త్‌లో లేకుండా విడిగా దరఖాస్తులు తీసుకుంటాయి. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ రుసుము 200 రూపాయలు, ఆలస్యంగా తర్వాతి విడతల్లో చేరేవారికి 400 రూపాయలుగా ఉంటూ వచ్చింది. ఆధార్‌కు జోడించిన ఫోను నంబరు కావాలి. ఆ నంబరు పాతదై, ఇప్పుడు వాడకంలో లేకపోతే మొదటి రోజే చిక్కు వస్తుంది. కనుక ఫలితాలు రాకముందే ఆ పని సరిచేసుకోవాలి. కుల ధ్రువపత్రం, ఆ ఏడాది తీసిన ఆదాయ ధ్రువపత్రం మీసేవలో ముందే తెచ్చి పెట్టుకోవాలి.

ఆప్షన్లు పెట్టే వరుస ముఖ్యం. ముందు పెట్టిన కాలేజీకే ముందు చూస్తారు. అందుచేత ఆశ సీట్లు పైన, అందే సీట్లు మధ్యలో, ఖాయం సీటు చివర పెట్టాలి. ఖాయం సీటును పైన పెడితే అదే వచ్చి కూర్చుంటుంది. మెరుగైన కాలేజీ దాకా లెక్క పోదు. అసలు పెట్టకపోతే పైవన్నీ తప్పినప్పుడు చేతికి ఏమీ రాదు. రెండే రెండు పేరున్న కాలేజీలు పెట్టి ఊరుకునే పిల్లలకు జరిగేది ఇదే. నిజానికి డిగ్రీ కాలేజీల్లో ఏటా చాలా సీట్లు ఖాళీగా మిగులుతున్నాయి. సీటు లేక ఏడాది పోవలసిన అవసరం ఎవరికీ లేదు.

సీటు కేటాయించిన తర్వాత గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయాలి. చేయకపోతే ఆ సీటు పోతుంది. వచ్చిన సీటు నచ్చకపోయినా ముందు దాన్ని నిలుపుకోవాలి. తర్వాతి విడతలో మెరుగైన కాలేజీకి మళ్లీ ప్రయత్నించవచ్చు. కొత్త సీటు వస్తే పాతది రద్దవుతుంది, రాకపోతే పాతది చేతిలో ఉంటుంది. కనుక కొత్త ఆప్షన్లలో పాత సీటుకంటే మంచివే పెట్టాలి. అన్ని విడతలూ అయ్యాక కాలేజీలో నేరుగా స్పాట్ పద్ధతిలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తించదు. పేద ఇంటి పిల్లకు ఇది పెద్ద దెబ్బ. ఫోను మీద నెట్టు సరిగా రాని ఊళ్ల వారు ప్రభుత్వ కాలేజీల్లోని సహాయ కేంద్రాలకు వెళ్లి దరఖాస్తు చేసుకోవడం మేలు. పాస్‌వర్డు, పిన్ను నంబరు ఇంటర్నెట్ సెంటరు వారి చేతిలో పెట్టి రాకూడదు. ఆప్షన్లు వేరేవారు మార్చినా మన పేరు మీదే పోతుంది.

ఖర్చు లెక్క కాగితం మీద వేయాలి

"గవర్నమెంటు కాలేజీ, ఫీజు లేదు" అని ఒకరు, "ప్రైవేటైనా రీయింబర్స్‌మెంట్ వస్తుంది" అని ఇంకొకరు చెబుతారు. రెండూ సగం లెక్కలే. కాలేజీ ఫీజు, పరీక్ష ఫీజు, ఉండే చోటు, తిండి, రాకపోకలు, పుస్తకాలు - ఈ ఆరింటినీ విడివిడిగా రాసి మూడేళ్లకు కూడాలి. ఆ మొత్తాన్ని ఇంటి ఆదాయం పక్కన పెట్టి చూడాలి. చాలాసార్లు ఫీజుకంటే గది అద్దె, తిండే ఎక్కువ తేలుతుంది. ఫీజు లేని హైదరాబాదు కాలేజీకంటే కొద్దిపాటి ఫీజున్న దగ్గరి కాలేజీ చవక కావడం ఇందువల్లనే.

బి.సి. కుటుంబాలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రావాలంటే ఏటా ఆదాయం గ్రామాల్లో 1 లక్షా 50 వేలు, పట్టణాల్లో 2 లక్షలు దాటకూడదన్నది నియమం. ఎస్.సి., ఎస్.టి. విద్యార్థులకు పరిమితి వేరుగా ఉంది. హాజరు 75 శాతం ఉండాలి. ఈ సొమ్ము ప్రభుత్వం నుంచి ఆలస్యంగా విడుదల కావడం ఏటా జరుగుతున్నదే. బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు 2025 నవంబరులో మూసివేతకు దిగాయి. సొమ్ము రాలేదని కొన్ని చోట్ల కాలేజీవారు పిల్లల దగ్గరే ఫీజు అడుగుతారు, సర్టిఫికెట్లు ఆపుతామంటారు. అసలు సర్టిఫికెట్లను కాలేజీ తన దగ్గర పెట్టుకోరాదని యు.జి.సి. 2018లో స్పష్టంగా ప్రకటించింది. అయినా గొడవ పడి తెచ్చుకోవడం కంటే, అటువంటి బెడద తక్కువగా ఉండే ప్రభుత్వ కాలేజీని ఖాయం సీటుగా ఎంచుకోవడమే పేద కుటుంబానికి క్షేమం.

రాజోలి మండలం వారికి దగ్గరలోని పెద్ద ప్రభుత్వ కాలేజీ గద్వాలలోని మహారాణి ఆదిలక్ష్మీ దేవమ్మ డిగ్రీ కళాశాల. ఎం.ఏ.ఎల్.డి. కాలేజీ అంటే అందరికీ తెలుస్తుంది. జిల్లాలోని డిగ్రీ కాలేజీలు 2008లో ఏర్పడిన పాలమూరు విశ్వవిద్యాలయం పరిధిలోకి వస్తాయి. ఆడపిల్లలకు 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది గనుక రాకపోకల ఖర్చు తగ్గింది. అయితే రోజూ పోయి రావడానికి ఎంత సేపు పడుతుందో, సాయంత్రం చివరి బస్సు ఎప్పుడో చూసుకోవాలి. రోజూ నాలుగు గంటలు బస్సులోనే గడిస్తే చదువుకు సమయం మిగలదు. అటువంటప్పుడు ప్రభుత్వ సంక్షేమ శాఖల కాలేజీ వసతి గృహంలో చోటు దొరుకుతుందేమో విచారించాలి. ఎస్.సి. ఆడపిల్లలకు సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీలు కూడా ఉన్నాయి. అక్కడ చదువూ, వసతీ, భోజనమూ ఒకేచోట దొరుకుతాయి.

ఏదీ కుదరని ఇంటికి ఆఖరి ఆధారం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇది 1982లో ప్రారంభమైంది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇదే. మగ్గం పని చేసుకుంటూనో, పొలం పని చేసుకుంటూనో డిగ్రీ పూర్తి చేయవచ్చు. ఆ పట్టాతో పి.జి. ప్రవేశ పరీక్షలు రాయవచ్చు. రోజూ తరగతులుండవు గనుక సొంతంగా చదివే పట్టుదల మాత్రం కావాలి.

ఏరు దాటితే కర్నూలు, కానీ

రాజోలి వారికి కర్నూలు అలవాటైన పట్టణం. వైద్యానికీ, బట్టలకూ, చదువుకూ ఏరు దాటడం తాతల నాటి నుంచీ ఉన్నదే. 2014లో రాష్ట్రం రెండయిన తర్వాత కూడా పదేళ్ల పాటు ఉన్నత విద్యలో ఉమ్మడి ప్రవేశాల విధానం కొనసాగింది. పునర్విభజన చట్టం ఇచ్చిన ఆ గడువు 2024 జూన్ 2తో ముగిసింది. ఇప్పుడు కర్నూలు ప్రభుత్వ కాలేజీలో మన పిల్ల పక్క రాష్ట్రపు విద్యార్థిని కిందనే లెక్క. మన రాష్ట్రపు ఫీజు రీయింబర్స్‌మెంటు అక్కడ వస్తుందని నమ్మి చేరకూడదు. ఉచిత బస్సు మన రాష్ట్రపు సరిహద్దు వరకే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత బస్సు ఆ రాష్ట్రపు ఆడవారికి మాత్రమే.

ఇంటర్ కోసం పిల్లలను కర్నూలు పంపే వారూ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డిగ్రీ, పి.జి. ప్రవేశాల్లో స్థానికతను పిల్ల చదివిన చోట్లను బట్టి, స్టడీ సర్టిఫికెట్లు చూసి నిర్ణయిస్తారు. రెండేళ్లు ఏరవతల చదివితే స్థానికత ప్రశ్న వస్తుంది. అందుచేత ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ప్రతి ఏటి స్టడీ సర్టిఫికెటూ భద్రపరచాలి. 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర ఊరిమీద పడినప్పుడు ఇళ్లతో పాటు పత్రాలు కూడా పోగొట్టుకున్న అనుభవం రాజోలికి ఉంది. కాగితాలు ఒక ప్రతి వేరే చోట, ఒక ప్రతి ఫోనులో దాచుకోవడం మంచిది.

డిగ్రీ తర్వాత తెరిచి ఉన్న తలుపులు

ఖాయం సీటులో మూడేళ్లు బాగా చదివిన పిల్లకు అసలు జర్నలిజం చదువు డిగ్రీ తర్వాత మొదలవుతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జర్నలిజం శాఖ 1954లో ఏర్పడింది. దేశంలోని పాత జర్నలిజం శాఖల్లో అదొకటి. దానికి రాష్ట్రస్థాయి ఉమ్మడి పి.జి. ప్రవేశ పరీక్ష రాయాలి. 1985లో స్థాపించిన తెలుగు విశ్వవిద్యాలయంలో కూడా జర్నలిజం కోర్సు ఉంది; దానికి ప్రవేశం విడిగా జరుగుతుంది. ఆ విశ్వవిద్యాలయానికి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టే బిల్లును శాసనసభ 2025లో ఆమోదించింది. మన జిల్లా సంపాదకుని పేరున్న చోట మన జిల్లా పిల్లలు పత్రికా రచన చదవడం చూడముచ్చటగా ఉంటుంది.

హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం 1974లో ఏర్పడింది. అక్కడి ఎం.ఏ. కమ్యూనికేషన్‌కు దేశవ్యాప్తంగా జరిగే సి.యు.ఇ.టి. పరీక్ష రాయాలి. పోటీ గట్టిది, ఇంగ్లీషు బాగా రావాలి. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లలకు 1998లో స్థాపించిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో జర్నలిజం ఉంది. 1965లో ఏర్పడిన ఢిల్లీలోని భారతీయ జనసంచార సంస్థ దేశంలో పేరున్నది. అక్కడికి వెళ్లాలనుకునేవారు ఫీజు, వసతి ఖర్చు ముందే లెక్క వేసుకోవాలి. ఇవి కాక పెద్ద తెలుగు పత్రికలు సొంత జర్నలిజం స్కూళ్లు నడుపుతూ వచ్చాయి. డిగ్రీ పాసైన వారికి పరీక్ష పెట్టి, ఎంపికైన వారికి శిక్షణ కాలంలో నెలనెలా భృతి కూడా ఇచ్చాయి. ఫీజు కట్టనక్కర లేకుండా, ఎదురు జీతంతో పని నేర్చుకునే ఈ దారి గ్రామీణ విద్యార్థులకు బాగా కలిసి వచ్చింది. వీటి ప్రకటన ఎప్పుడు వస్తుందో పత్రికలో గమనిస్తూ ఉండాలి. ఆ పరీక్షల్లో అడిగేవి తప్పులు లేని తెలుగు, వర్తమాన వ్యవహారాలు, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి అనువాదం. వీటికి ఏ ఖరీదైన కాలేజీ అవసరం లేదు. రోజూ పత్రిక చదివి, రోజూ ఒక పేజీ రాసే అలవాటు చాలు.

ఇక్కడ కూడా మూడు మెట్ల సూత్రమే పనిచేస్తుంది. ఒక్క పరీక్ష రాసి ఊరుకోకుండా మూడు నాలుగింటికి దరఖాస్తు చేయాలి.

బోర్డు చూసి మోసపోవద్దు

నగరాల్లో "జర్నలిజం డిప్లొమా, ఉద్యోగం గ్యారంటీ" అని బోర్డులు కనిపిస్తాయి. యాంకర్ చేస్తామని, ప్రెస్ కార్డు ఇస్తామని వేలూ లక్షలూ కట్టించుకునే వారున్నారు. డిగ్రీ ఇచ్చే అధికారం చట్టం ప్రకారం ఏర్పడిన విశ్వవిద్యాలయాలకు, తత్సమాన సంస్థలకు మాత్రమే ఉంటుందని 1956 నాటి యు.జి.సి. చట్టం చెబుతుంది. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను యు.జి.సి. ప్రకటిస్తూ ఉంటుంది. చేరబోయే ముందు మూడు ప్రశ్నలు అడగాలి. పట్టా ఏ విశ్వవిద్యాలయం పేరు మీద వస్తుంది? ఫీజుకు రసీదు ఇస్తారా? నిరుడు చదివిన పిల్లలు ఇప్పుడు ఎక్కడ పని చేస్తున్నారు? ఈ మూడింటికి సూటిగా జవాబు చెప్పని చోట పైసా కట్టకూడదు. ఉద్యోగం గ్యారంటీ అన్న మాట వినగానే ఇంకా జాగ్రత్త పడాలి. పత్రికా రంగంలో అటువంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

పిల్ల క్షేమం కూడా లెక్కలోనిదే

ఆడపిల్లను ఊరు దాటించి పంపే తల్లికి సీటు ఖాయమైతే చాలదు, పిల్ల క్షేమంగా ఉండాలి. వసతి గృహం చూడకుండా ఫీజు కట్టవద్దు. వార్డెన్ అక్కడే ఉంటారా, గేటు ఎప్పుడు మూస్తారు, బస్టాండు నుంచి దారి ఎలా ఉంది, జబ్బు చేస్తే ఎవరు చూస్తారు అన్నవి అడగడానికి మొహమాటం అక్కర లేదు. ర్యాగింగ్‌ను నిషేధిస్తూ మన దగ్గర 1997లోనే చట్టం వచ్చింది. దేశమంతటికీ వర్తించే యు.జి.సి. నిబంధనలు 2009లో వచ్చాయి. 1800-180-5522 నంబరుకు ఫోను చేసి ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. లైంగిక వేధింపులపై విచారించే అంతర్గత ఫిర్యాదుల కమిటీ ప్రతి కాలేజీలో ఉండి తీరాలి. ఆ కమిటీ సభ్యుల పేర్లు నోటీసు బోర్డు మీద ఉన్నాయో లేదో చూస్తే ఆ కాలేజీ ఎటువంటిదో సగం తెలిసిపోతుంది. ఈ ప్రశ్నలు అడిగే అమ్మాయికి విలేకరి పని అప్పుడే మొదలైనట్టు కూడా.

జీతం మాట దాచకూడదు

పత్రికా రంగంలో అందరికీ మంచి జీతాలు లేవు. గ్రామాల్లో వార్తలు పంపే విలేకరుల్లో ఎక్కువమందికి నెల జీతమంటూ ఉండదు. అచ్చయిన వార్తల లెక్కన అందేది కొద్ది మొత్తం. చాలామంది మరో పని చేసుకుంటూనే వార్తలు రాస్తారు. డెస్కులో ఉపసంపాదకుల స్థితి దానికంటే నయం, కానీ అక్కడ కూడా ఖాళీలు తక్కువ. ఈ సంగతి పిల్లకు ముందే చెప్పాలి. చెప్పినా ఆమె ఉత్సాహం తగ్గకపోతే అది నిజమైన ఇష్టమే.

అప్పు లేని చదువు ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది. లక్షల అప్పుతో జర్నలిజం చదివిన పిల్ల మొదటి నెల నుంచే వాయిదాల కోసం పరుగెత్తాలి. రెండు మూడేళ్లు తక్కువ జీతంతో పని నేర్చుకునే ఓపిక ఆమెకు ఉండదు. విసిగి ఆ పనే మానేస్తుంది. తక్కువ ఖర్చుతో చదివిన పిల్లకు ఆ ఓపిక ఉంటుంది. పైగా చరిత్ర, రాజనీతి శాస్త్రం, అర్థశాస్త్రం చదివిన బి.ఏ. పట్టా గ్రూప్ పరీక్షలకూ, బి.ఇడి.కీ కూడా పనికి వస్తుంది. పత్రికలో కుదరకపోయినా బతుకు ఆగదు.

చేరకముందే మొదలుపెట్టాలి

కాలేజీ ఏదైనా రాయడం మొదలుపెట్టడానికి సీటు కోసం ఎదురు చూడనక్కర లేదు. రాజోలిలో వార్తలకు కొరత లేదు. ఆర్.డి.ఎస్. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు ఏ నెలలో ఎంత వచ్చాయి? 2018లో నీళ్లు పోయడం మొదలుపెట్టిన తుమ్మిళ్ల ఎత్తిపోతల పథకం ఎన్ని రోజులు నడిచింది? గద్వాల చీరకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానివల్ల మగ్గం మీద కూర్చున్నవారి కూలి పెరిగిందా? సీడ్ పత్తి రైతుకు కంపెనీ ఇచ్చిన మాట నిలబెట్టుకుందా? వరద తర్వాత కట్టుకున్న ఇళ్లలో ఇప్పుడు ఎవరున్నారు? వీటిలో ఒక్కదాన్ని తీసుకుని, పదిమందిని అడిగి, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద ఆఫీసుకు ఒక అర్జీ పెట్టి, నాలుగు పేజీలు రాస్తే ఆ పిల్ల సగం విలేకరి అయినట్టే. యూనికోడ్ తెలుగు టైపింగు నేర్చుకోవాలి. రాసినవన్నీ తేదీ వేసి దాచుకోవాలి. రేపు ఏ జర్నలిజం స్కూలు ఇంటర్వ్యూకు వెళ్లినా మార్కుల జాబితాతో పాటు ఆ కాగితాలు చూపించవచ్చు.

మగ్గం తెలిసిన ఊరికి ఈ విషయం విడమరచి చెప్పనక్కర లేదు. పడుగు గట్టిగా లేనిదే పేక ఎంత మంచి పట్టు అయినా చీర నిలవదు. డిగ్రీ చదువు పడుగు వంటిది. దాన్ని అప్పు లేకుండా, ఏడాది పోకుండా, తెలిసిన చోట సాగదీసుకుంటే ఆ తర్వాత జర్నలిజం అనే జరీ ఎప్పుడైనా ఎక్కించవచ్చు.

కనుక దోస్త్ ప్రకటన రాకముందే ఒక సాయంత్రం ఇంట్లో అందరూ కూర్చోవాలి. ఒక కాగితం మీద మూడు గీతలు గీసి ఆశ సీట్లు, అందే సీట్లు, ఖాయం సీటు రాయాలి. ప్రతి పేరుకూ ఎదురుగా మూడేళ్ల ఖర్చు వేయాలి. చివరి గీత కింద కనీసం ఒక్క పేరైనా ఉండేదాకా కాగితం మడవకూడదు. అప్పుడు "ఆ సీటు రాకపోతే ఏం చేస్తావు?" అన్న తండ్రి ప్రశ్నకు కూతురి దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది.